మినుము చేలో పడ్డ కోడెల్ని దొడ్లో కట్టేశాను. ఇప్పుడు ఏం చెయ్యాలి?

దివిసీమ కౌలురైతు:

పెద్దలందరికీ నమస్కారం. మాది కృష్ణా జిల్లా, అవనిగడ్డకు కాస్త దిగువన. మూడెకరాలు కౌలుకు చేస్తున్నాను. వరి కోతకు ముందు చల్లిన మినుము ఇప్పుడు పిందె మీదుంది. మొన్న ఆదివారం తెల్లవారుజామున మంచులో టార్చి వేసుకుని వెళ్తే చేలో నాలుగు శాల్తీలు. మూడు కోడెలు, ఒక ముసలావు. అర ఎకరం పైన మేసిందెంతో తొక్కిందంత. కౌలు డబ్బు ఇంకా సగం కట్టాలి. ఆ క్షణాన నా చేతిలో ఏముంటే దాంతో కొట్టేవాణ్నే. దేవుడి దయ, టార్చి తప్ప ఏమీ లేదు.

మా బావమరిదిని పిలిచి, ఇద్దరం తోలుకొచ్చి మా దొడ్లో కట్టేశాం. ఇవాళ మూడో రోజు. అవి ఎవరివో ఎవరూ నోరు విప్పరు. తెల్లారాక చూస్తే ఒక కోడెకు వీపు మీద జానెడు మేర తోలు ఊడిపోయి ఎర్రగా ఉంది. యాసిడ్ అని కొందరంటున్నారు. మా ఆవిడ మాత్రం సలసలా కాగే నీళ్లు పోశారంటోంది. అది పడుకోవట్లేదు. అర్ధరాత్రి లేచి చూసినా నిలబడే ఉంటోంది. దాన్ని అలా చూశాక నా కోపం ఎటు పోయిందో తెలియదు.

సర్పంచిగారి దగ్గరికి వెళ్తే, పంటలో పడ్డ పశువుల్ని పంచాయతీ కట్టి ఉంచే బందెలదొడ్డి స్థలంలో ఎప్పుడో వాటర్ ట్యాంకు కట్టేశారు, ఇప్పుడు అలాంటిదేం లేదన్నారు. స్టేషన్‌కి వెళ్తే పశువుల పంచాయితీ మా దగ్గరికి తేవద్దన్నారు. పొలం యజమాని ఫోన్ చేసి "నీ పేరున పాసుపుస్తకం లేదు, కట్టేయడానికి నువ్వెవరివి? ఎవడైనా కేసు పెడితే నీ మీదే పడుద్ది" అని భయపెట్టారు. నిన్న సాయంత్రం ఒకతను వ్యాన్ వేసుకొచ్చి నాలుగూ కలిపి పద్దెనిమిది వేలు చేతిలో పెడతానన్నాడు. నా నష్టం దాదాపు అంతే ఉంటుంది. మా బావమరిది ఇచ్చెయ్యమంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు.

వదిలేస్తే మళ్లీ నా చేలోకో పక్కవాళ్ల చేలోకో పోతాయి. ఉంచుకుంటే గడ్డి ఎక్కణ్నించి తేను? ఈ ముసలావు నా దొడ్లో చచ్చిపోతే ఆ పాపం, ఆ కేసు రెండూ నాకేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

మొవ్వ వైపు రైతు:

అన్నా, నేనూ మూడేళ్లు చూశాను. అర్జీలు పెట్టాను, కాపలా కాశాను, మంచులో పడుకుని జ్వరం తెచ్చుకున్నాను. పోయినేడు చుట్టూ బైండింగ్ వైరు కట్టి మోటారు దగ్గర్నించి కరెంటు ఇచ్చాను. ఒక్కటి కూడా రాలేదు. రైతు బాధ రైతుకే తెలుసు. చట్టాలు చెప్పేవాళ్లకి చేను లేదు.

పాత కార్యదర్శి:

తమ్ముడూ, నేను గ్రామ పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. బందెలదొడ్డి రిజిస్టరు నా చేత్తో రాసినవాణ్ని. అందుకని కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు నీ భయం తీరుస్తాను. పంట మేస్తున్న పశువును పట్టుకునే హక్కు నీకుంది. ఆ హక్కు 1871 నాటి పశువుల చట్టంలోనే ఉంది. అందులో భూమి యజమాని అని ఒక్కణ్నే అనలేదు. సాగు చేసేవాడు, భూమి ఎవరి చేతిలో ఉందో వాడు, ఆ పంటకు పెట్టుబడి అప్పిచ్చినవాడు కూడా పట్టుకోవచ్చంది. పాసుపుస్తకం ఊసే లేదు. కౌలురైతువి నువ్వు నిక్షేపంగా పట్టుకోవచ్చు. ఎవరైనా మీద పడి విడిపించుకుపోబోతే, అడిగినప్పుడు పోలీసులు ఆపాలని కూడా అదే సెక్షన్లో ఉంది. స్టేషన్లో ఈసారి పదో సెక్షన్ అని కాగితం మీద రాసి ఇవ్వు.

అయితే ఆ హక్కుకు ఒక గడువుంది. పట్టుకున్న 24 గంటల్లో బందెలదొడ్డికి చేర్చాలి. నీ దొడ్లో పెట్టుకుని కూర్చోమని కాదు. నీకిది మూడో రోజు. అక్రమంగా కట్టేశాడని పశువు తాలూకు మనిషి పది రోజుల్లోగా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. కాబట్టి ఈ పోస్టు చదివిన పూటే కాగితం రాయి. ఫలానా తేదీన, ఫలానా సర్వే నంబరులో, ఇన్ని గంటలకు నాలుగు పశువులు పంటలో పడ్డాయి, ఊళ్లో బందెలదొడ్డి లేదని మౌఖికంగా చెప్పారు కాబట్టి మీరు స్థలం చూపించేవరకు మా దొడ్లో మేతా నీళ్లూ పెడుతున్నాను అని రాసి కార్యదర్శికి ఇచ్చి, నకలు మీద సంతకం, ముద్ర వేయించుకో. ఇంకో రెండు నకళ్లు తహసీల్దారుకూ స్టేషనుకూ ఇవ్వు. ఒక్కో పశువు రంగు, కొమ్ముల తీరు, సుడి, మచ్చ రాయి. ఫొటోలు తియ్యి. పుండు ఫొటో తేదీతో సహా తప్పనిసరిగా తియ్యి, లేకపోతే ఆ పని నువ్వే చేశావంటారు.

ట్యాంకు కట్టినంత మాత్రాన పంచాయతీ బాధ్యత పోదు. దొడ్డి జుల్మానా, అంటే పశువును విడిపించుకోవడానికి కట్టే జరిమానా, పంచాయతీ ఆదాయం. ఆదాయం తినేవాళ్లు గడ్డి కూడా వెయ్యాలి.

దొడ్డి ఎలా నడిచేదో ఈ తరానికి తెలియదు కాబట్టి చెప్తాను. 1984లో కరణం మునసబులు పోయారు. నేను ఆ తర్వాత రెండేళ్లకు ఉద్యోగంలో చేరాను. మా ఊళ్లో దొడ్డి అంటే మనిషెత్తు రాతిగోడ, మధ్యలో గంగరావి చెట్టు, సిమెంటు తొట్టి, కర్ర తలుపు. పశువును తోలుకొచ్చినవాడి పేరు, రోజు, గంట, పశువు ఆనవాళ్లు రిజిస్టరులో రాసి వాడికి నకలు ఇవ్వాలి. ఆసామి వస్తే జుల్మానా, మేత ఖర్చు కట్టించుకుని విడిచిపెట్టాలి. 1871లో రాసిన జుల్మానా పట్టీ చూస్తే ఏనుగుకు 2 రూపాయలు, గేదెకు అర్ధరూపాయి, ఆవుకూ ఎద్దుకూ పావలా, మేకకు అణా. తర్వాత రేట్లు పెంచారనుకో. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసులకు తెలియజేయాలి. అప్పుడు నోటీసు అంటిస్తారు. ఊళ్లోనూ దగ్గర్లోని సంతలోనూ దండోరా వేయిస్తారు. ఇంకో ఏడు రోజులు చూసి బహిరంగ వేలం వేస్తారు. జుల్మానా, మేత పోగా మిగిలిన డబ్బు ఆసామిది, మూడు నెలల వరకు వచ్చి అడగొచ్చు. ఆ వేలంలో పోలీసులు గానీ దొడ్డి చూసేవాళ్లు గానీ, తమ పేరున గానీ ఇంకొకరి పేరున గానీ పశువును కొనకూడదు. నూట యాభై ఏళ్ల కిందట రాసినవాళ్లకు కూడా ఆ తోవ తెలుసు.

ఇందువల్లే వ్యాన్ మనిషికి అమ్మొద్దంటున్నాను. పశువు నీది కాదు. నీది కాని సొత్తు అమ్మితే దొంగతనం కింద నీ మెడకు చుట్టుకుంటుంది. పైగా మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం ఆవును గానీ, ఆడదైనా మగదైనా దూడను గానీ కోయడానికి వీల్లేదు. ముసలావుకు కూడా బేరం పెట్టాడంటే వాడు దాన్ని పాలకు కొనట్లేదు. నీ పంట నష్టానికి దారి వేరే ఉంది. ఆసామి దొరికితే పరిహారం కోసం దావా వేసుకునే హక్కును ఆ 1871 చట్టం నీకు అలాగే ఉంచింది. వ్యవసాయ సహాయకుణ్ని పిలిచి నష్టం రాయించి పెట్టుకో.

ఇంకో మాట. చట్టంలో దొడ్డి చూసేవాడు పశువుకు మేతా నీళ్లూ పెట్టాలని రాసుంది. ఆ వాక్యం నేను ఒకసారి మరిచిపోయాను. ఎండాకాలం ఒక శుక్రవారం ఒంటరి ముసలమ్మ గేదెను తెచ్చి కట్టించారు. ఆమె దగ్గర జుల్మానాకు డబ్బుల్లేవు. రూలు రూలేనని పంపేశాను. దొడ్డి కాపరి పెళ్లికి వెళ్లాడని నాకు తెలియదు, తెలుసుకోలేదు కూడా. ఆదివారం పొద్దున తలుపు తీస్తే తొట్టి ఎండిపోయి అడుగున నాచు పెచ్చులు లేచి ఉంది. గేదె నాలుక బయటపెట్టి గోడ నీడన నిలబడి ఉంది. బతికింది గానీ పాలు ఎండిపోయాయి. ఆ పాలే ఆమె బతుకు. తర్వాత నా జేబులోంచి ఇచ్చాను, ఆమె తీసుకోలేదు. రిజిస్టరంతా తప్పు లేకుండా రాశాను, నీళ్లు మాత్రం పోయించలేదు. నువ్వు నీ దొడ్లో మూడు రోజులుగా చేస్తున్న పని నేను ఆ రెండు రోజులు చెయ్యలేకపోయాను.

మొవ్వ వైపు తమ్ముడికి: నీ బాధ అబద్ధం కాదు. కానీ ఆ వైరు ఈ రాత్రే పీకెయ్యి, బతిమాలుతున్నాను. చీకట్లో నీళ్లు పెట్టడానికి వచ్చే కూలీకి, ఎలకల బుట్టలు పెట్టేవాడికి, నీ కొడుక్కి ఆ తీగ కనపడదు. మనిషి పోతే నరహత్య కేసు. పశువును చంపినా, విషం పెట్టినా, అవిటిది చేసినా భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ల వరకు జైలు. కరెంటు దొంగతనం అదనం. సోలార్ కంచె వేరు. దానిలో షాకు సెకనుకోసారి తృటిలో కొట్టి ఆగిపోతుంది, ఝల్లుమంటుంది గానీ పట్టుకుని చంపదు. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి వేసుకోండి.

పశుసంవర్ధక సహాయకురాలు:

కార్యదర్శిగారు కాగితం పని చెప్పారు, నేను దొడ్డి పని చెప్తాను అన్నయ్యా. ముందు 1962కి ఫోన్ చెయ్యండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. మీ పశువే అయ్యుండాలని ఏం లేదు.

డాక్టరు వచ్చేలోపు పుండును శుభ్రమైన నీళ్లలో కాస్త ఉప్పు వేసి, మరిగించి చల్లార్చి, ధారగా పోసి కడగండి. గుడ్డతో రుద్దొద్దు. కిరోసిన్, పేడ, బ్యాటరీ పొడి, ఎవరేం చెప్పినా వెయ్యొద్దు. పుండు చుట్టూ ఆరోగ్యంగా ఉన్న తోలు మీద వేపనూనె రాస్తే ఈగలు వాలవు. అంచుల్లో పురుగు కనిపిస్తే ఫోన్లో ఆ మాట ముందే చెప్పండి. అది పడుకోవట్లేదన్నారు కదా, తోలు లాగి నొప్పి పెడుతుంది. పలుపు పొడుగ్గా వదలండి, కింద ఊక గానీ గడ్డి గానీ మందంగా పరవండి. పొట్టి తాడుతో ఎక్కువసేపు కట్టెయ్యడం కూడా 1960 జంతు హింస నిరోధక చట్టంలో నేరమే. ఆ చట్టంలో జరిమానా మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలు. అప్పటి రూపాయి అప్పటిది, ఇప్పటికీ అంకె మారలేదు. నాకు ఇది చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ బాధేస్తుంది. అందుకే యాసిడ్ పోసినవాళ్ల మీద ఇచ్చే ఫిర్యాదులో 325 సెక్షన్ కూడా రాయమంటాం.

మేత విషయంలో జాగ్రత్త. జాలిపడి బియ్యం, అన్నం, నూకల జావ పెట్టకండి. మాడిన కడుపుతో ఉన్న పశువుకు ఒక్కసారిగా గింజ పడితే కడుపులో పులిసి ప్రాణానికి వస్తుంది. ఎండు వరిగడ్డి, నీళ్లు, రెండో రోజు నుంచి కాస్త పచ్చగడ్డి చాలు. పచ్చి మినుము దండిగా మేసిన పశువుకు ఎడమ డొక్క ఉబ్బుతుంది. వేలితో కొడితే డప్పులా మోగితే గంటల్లో చూడాల్సిన జబ్బు. మీవి మూడు రోజులు దాటాయి, గండం గడిచినట్టే.

మీ సొంత గేదెలుంటే ఒకే తొట్టిలో నీళ్లు పెట్టొద్దు. ఊరూరా తిరిగిన పశువుకు గాలికుంటు టీకా పడిందో లేదో తెలియదు.

ముఖ్యమైన సంగతి, చెవులు చూశారా? పసుపు బిళ్ల మీద 12 అంకెలుంటాయి. ఆ నంబరు నాకు గానీ మీ రైతు సేవా కేంద్రంలో గానీ ఇస్తే ఆన్‌లైన్‌లో యజమాని పేరు, ఊరు వస్తాయి. బిళ్ల లేకపోయినా చెవిలో గుండ్రటి రంధ్రం గానీ చీలిక గానీ ఉంటే, వదిలెయ్యడానికి ముందు కోసేశారని అర్థం. నేను చూసే నాలుగు ఊళ్లలో అలాంటి చెవులు చాలా చూశాను. పశువును నిష్కారణంగా వదిలెయ్యడం కూడా ఆ 1960 చట్టంలో నేరమే. చాలామంది ఆసామీలకు ఈ సంగతే తెలియదు.

వాళ్లను తిట్టి ఊరుకోవడానికి కూడా నాకు మనసు రాదు. ట్రాక్టరు వచ్చాక కోడెకు పని లేదు. మగదూడ తాగే పాలు అమ్మితే రోజుకు నూట చిల్లర. అందుకే పశువు ఎదకు వచ్చిన ప్రతి ఇంటికీ ఆడదూడల సెమెన్ గురించి చెప్తుంటాను. అది వాడితే నూటికి తొంభై దాకా పెయ్యలే పుడతాయి. పుట్టాక రోడ్డు మీద వదిలేకంటే ముందే చూసుకోవడం మేలు. తిరిగే కోడెలకు విత్తులు కొట్టడం కూడా ఇప్పుడు మత్తిచ్చి డాక్టరే చెయ్యాలి, రాళ్ల మధ్య నలిపే పాత పద్ధతి ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోకండి.

సిరిసిల్ల తమ్ముడు:

అన్నా, మా దిక్కు వేములవాడ రాజన్నకు కోడె మొక్కు ఉంటది కదా, మొక్కిన కోడెలు దేవస్థానంల పెరిగి పెరిగి జాగ సాలదు. వాటిని రైతులకు పట్టా పాసుబుక్కు చూసి ఉట్టిగనే ఇస్తున్నరు, అమ్మొద్దు, కోతకు పంపొద్దు అని రాయించుకుంటరు. మా పెద్దనాయన రెండు తెచ్చిండు, నాగలికి అలవాటు చేసిండు. మీకాడ ఆసామి దొరక్కుంటే నీ కోడెలను సాదుకునేటోళ్లు ఊర్లె ఉన్నరేమో అడుగు. ఎడ్లతోని అచ్చుతోలేటోళ్లు, అంటే పంట వరుసల నడుమ దున్నేటోళ్లు, ఇంకా ఉన్నరు. కాకుంటే వేలం అయినంకనే, కాయిదంతోనే ఇయ్యి.

దివిసీమ కౌలురైతు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. వారం తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి.

ఆ మధ్యాహ్నమే కాగితం ఇచ్చాను. కార్యదర్శమ్మ కొత్తగా వచ్చిన అమ్మాయి, చదివి ఒకటికి రెండుసార్లు సెక్షన్ నంబరు అడిగి రాసుకుంది, నకలు మీద ముద్ర వేసింది. స్టేషన్లో ముందు తీసుకోలేదు. 216 హైవే మీద తిరిగే పశువుల్ని తొలగించమని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు చెప్పింది కదండీ, ఇవి రేపు వదిలితే అక్కడికే పోతాయి అన్నాను. పేపర్లో చదివిన మాట గుర్తొచ్చింది అంతే. ఎస్సైగారు కాగితం తీసుకున్నారు.

1962 బండి మర్నాడు వచ్చింది. డాక్టరుగారు పుండు చూసి కాగిన నీళ్లే అన్నారు. ఆయింటుమెంటు ఇచ్చి, సూది వేశారు. మూడో రాత్రి అది పడుకుంది. మా ఆవిడ నన్ను లేపి మరీ చూపించింది.

చెవులు చూశాను. ముసలావుకు బిళ్ల ఉంది. మిగతా మూడింటికీ చీలికలే. ఆ నంబరు పట్టుకుని పోతే, కాలవ అవతల ఊళ్లో ఒక పెద్దాయన. ఫోన్ చేస్తే చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం సైకిలు మీద వచ్చాడు. కొడుకు అమ్మేశానని చెప్పాడట, వదిలేశాడని ఈయనకు తెలియదు. ఆవు ఆయన్ని గుర్తుపట్టి తల ఊపింది. జుల్మానా సంగతి నేను ఎత్తలేదు. ఆయనే పంచాయతీలో మేత ఖర్చు కింద ఎనిమిది వందలు కట్టి రసీదు తీసుకున్నాడు. చీకటి పడ్డాక మెల్లగా నడిపించుకుపోయాడు, సైకిలు మా ఇంట్లోనే పెట్టి.

కోడెలు మూడూ ఉన్నాయి. నోటీసు అంటించారు. దండోరా బదులు మైకులో చెప్పించారు. గడువు వచ్చే గురువారంతో అయిపోతుంది. వేలం రోజు వ్యాన్ మనిషి కూడా వస్తాడని విన్నాను. కార్యదర్శిగారూ, వేలం షరతుల్లో "సాగుకు లేదా పెంపకానికి మాత్రమే" అని రాయించవచ్చా? ఎవరి పేరున అర్జీ పెట్టాలి?

పాత కార్యదర్శి:

పంచాయతీ పేరునే పెట్టు, నకలు మండల పశువైద్యాధికారికి ఇవ్వు, వేలం రోజు ఆయన్ని ఉండమని అడుగు. పాటదారు ఆధార్, పట్టా లేదా కౌలు కార్డు, కోతకు పంపనని హామీపత్రం తీసుకోమని రాయి. ఒక్కో బండిలో ఎన్ని ఎక్కిస్తున్నారో కూడా చూడండి, లారీలో అయినా ఆరు పశువులకు మించకూడదు. వేలం ఎన్నింటికో చెప్పు. మాది గుడివాడ, పొద్దున్నే బస్సెక్కితే పదింటికల్లా వచ్చేస్తాను. ఆ రోజు కోడెలకు నీళ్లు నేను పెడతాను.